నాలుగు రోజుల దేవుడు

రోలాండ్ ఎక్‌బెర్గ్ నా భార్యను "అమ్మా" అని పిలిచాడు. అతని మీద నా ఫిర్యాదు అక్కడ మొదలైంది. ఇన్నేళ్లయినా అక్కడి నుంచి కదల్లేదు. అతను దొంగ అని ఊళ్లో అన్నవాళ్లున్నారు. నేననను. దొంగయితే బాగుండేది. దొంగ మీద కేసు పెట్టొచ్చు.

స్టాక్‌హోంకి దక్షిణాన, మా స్మోలండ్‌లో, పరాయి ఆడమనిషిని ఎవరూ అమ్మా అనరు. పేరు పెట్టి పిలుస్తారు. పేరు తెలియకపోతే గొంతు సవరించుకుని ఊరుకుంటారు. అమ్మా అనే హక్కు కడుపున పుట్టినవాళ్లదే. మా ఇంట్లో ఆ మాట మార్చి నెలలో ఆగిపోయింది. మా కొడుకు తూరెకి అప్పుడు ఏడేళ్లు. సరస్సు మీద మంచు పలచబడిందని, కాలు పెడితే విరుగుతుందని ఊరందరికీ తెలుసు. వాడికీ చెప్పాం. అంతకంటే ఆ సంగతి రాయను.

జూన్‌లో, గడ్డి కోతలకి ముందు, పాత వ్యాను ఒకటి దగ్గుకుంటూ వచ్చి మా వాకిట్లో ఆగింది. అందులోంచి అతను దిగాడు. నున్నటి గుండు, వెనక పిలక, ముక్కు మీద తడిమట్టి గీత, ఒంటికి కాషాయం గుడ్డ, దాని కింద అచ్చం నావిలాంటి రబ్బరు బూట్లు. నా భార్య గున్వోర్ ఆ రోజు ఎందుకో లేచి వచ్చి మెట్ల మీద కూర్చుంది. మార్చి నుంచి ఆమె మంచం దిగిన రోజులు తక్కువ.

"అమ్మా, కొంచెం పాలు దొరుకుతాయా?" అన్నాడు.

గున్వోర్ అతని మొహం చూసి, లేచి లోపలికి వెళ్లిపోయింది. కోపమొచ్చిందనుకున్నాను. "మా ఆవిడకి ఒంట్లో బాలేదు, వెళ్లవయ్యా" అనబోతున్నాను. అంతలో ఆమె పాల క్యాను రెండు చేతులా మోసుకుంటూ వచ్చింది. డెయిరీ బండికి పెట్టిన క్యాను.

"ఇది చాలా ఎక్కువమ్మా" అన్నాడు అతను.

"తాగేవాళ్లు ఎందరు?"

వారం రోజుల్లో ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

"నలుగురం. దేవుడితో కలిపి అయిదుగురం."

పిచ్చివాడనుకున్నాను. గున్వోర్ మాత్రం తలాడించింది, ఇంట్లో అయిదుగురుంటే అంత పాలు కావాల్సిందే కదా అన్నట్టు.

వాళ్లకి తలదాచుకోను చోటు కావాలన్నారు, సెప్టెంబరు ఆఖరు దాకా. మా వాకిట్లోనే మా అత్తగారు చివరి రోజులు గడిపిన చిన్నిల్లు ఖాళీగా ఉంది. ఇచ్చాను. అద్దె ముందే చేతిలో పెట్టారు. ఆ విషయంలో అతన్ని ఒక్క మాట అనను.

ఇచ్చాను అన్నాను గానీ ఇచ్చింది గున్వోరే. ఇల్లు ఆమెది, పొలం ఆమెది. బడి మానేసిన ఏడాది, పధ్నాలుగేళ్ల వయసులో, నేను ఆ గడపలోకి పాలేరుగా అడుగుపెట్టాను. తర్వాత ఇల్లరికపుటల్లుణ్ణయ్యాను. పేరు మారింది గానీ పని మారలేదు. ఆవులు రెండు పూటలా అలాగే పాలు పితకమన్నాయి.

గడ్డి కోతలప్పుడు వాళ్లు పిలవకుండానే పొలంలోకి దిగారు. రోలాండూ, మరియాన్ అనే పిల్లా, ఇంకో ఇద్దరు కుర్రాళ్లూ. మరియాన్ ఏదో పట్నంలో రొట్టెల కొట్టువాడి కూతురట. రోలాండ్ పెద్ద చదువు సగంలో వదిలేసి వచ్చినవాడు. వాళ్లలో వాళ్లకి వేరే పేర్లున్నాయి. అతని పేరు మాధవదాసు. నా నోరు తిరగలేదు. తిరిగినా పిలిచేవాణ్ణి కాదు. గడ్డిని కర్రల దడి మీద ఆరేస్తూ వాళ్లు కృష్ణా కృష్ణా అని పాడేవాళ్లు. ఒకడు అంటే మిగతావాళ్లు అందుకునేవాళ్లు. ఎండ మండిపోతున్నా పాట ఆగేది కాదు, చెయ్యీ ఆగేది కాదు. పనికి వంక పెట్టను.

గున్వోర్‌కి పిన్నికొడుకు హోల్గెర్ కంచె అవతల నిలబడి చూసేవాడు. అతని పొలం మా పక్కదే. మా పొలం మీద అతని కన్ను మా మావగారి కాలం నుంచీ ఉంది.

"బావా, మా గొర్రెల కత్తెర కనబడటం లేదు. మీవాళ్లెవరైనా తీశారేమో అడుగు."

"నువ్వే అడుగు. నీకూ గుండు గొరుగుతారు. నీ నెత్తి మీద పని తక్కువే."

"చూడు చూడు, నన్నంటాడు. ఇంతకీ నిన్నేమని పిలుస్తున్నారట?"

చెప్పకూడదనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఒక కుర్రాడు గడ్డిమోపు ఎత్తుకుని వచ్చి, "ఇదెక్కడ వెయ్యమంటారు ప్రభూ?" అన్నాడు. వాళ్లలో మగవాళ్లందరూ ఒకళ్లనొకళ్లు ప్రభూ అనే పిలుచుకుంటారు. ఆడవాళ్లందరినీ అమ్మా అంటారు. హోల్గెర్ కంచె పట్టుకుని ఒంగిపోయి నవ్వాడు.

"పేడ ఎత్తే ప్రభువుగారూ! సాయంత్రం దర్శనానికి రావచ్చునా?"

ఆ వేసవంతా ఊళ్లో నా పేరు ప్రభువే అయింది. పాల కేంద్రంలో, విత్తనాల కొట్లో, ఎక్కడికెళ్లినా అదే. నాకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. అప్పట్లో నాకేదీ వచ్చేది కాదు. చెయ్యి తెగితే నెత్తురు చూసి తెగిందని తెలుసుకునేవాణ్ణి.

*

జులైలో ఒక సాయంత్రం పాలు పితుకుతుంటే రోలాండ్ కొట్టంలోకి వచ్చి నిలబడ్డాడు. వాళ్ల గురువుగారు స్టాక్‌హోంకి వస్తున్నారట, నాలుగు రోజులుంటారట. అందరికీ వెళ్లాలని ఉంది. దేవుణ్ణి ఒంటరిగా వదలకూడదు. ఆ డొక్కు వ్యానులో తీసుకెళ్లనూకూడదు. ఎవరో ఒకరు ఆగిపోవాలి. ఎవరికి వాళ్లు నేనాగుతానంటే నేనాగుతానని పట్టుబడుతున్నారు, మరియాన్ ఏడుస్తోంది.

"దానికింత గొడవెందుకయ్యా?" అన్నాను. "హోల్గెర్‌వాళ్లు ఊరెళ్తే వాళ్ల పిల్లికి మేం పాలు పోస్తాం. కిటికీలో పూలకుండీలకి నీళ్లు పోస్తాం. మేం వెళ్తే వాళ్లు పోస్తారు. మీ బొమ్మ ముందు కూడా ఓ గిన్నెడు పాలు పెడతాంలే."

మా వైపు ఇరుగుపొరుగుకి చేసే సాయంలో అంతకంటే మామూలుది లేదు. తాళంచెవి పూలకుండీ కింద పెట్టి వెళ్లిపోతారు. దేవుడి సంగతీ అంతేననుకున్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు.

"పాలు పెడితే చాలదు ఎవెర్ట్ గారూ."

"ఇంకేం కావాలి?"

"తెల్లవారకముందే లేపాలి."

"ఎవర్ని?"

"దేవుణ్ణి. లేపి, స్నానం చేయించి, బట్టలు తొడగాలి. వేళకి తినిపించాలి. మధ్యాహ్నం కాసేపు కునుకు తీయనివ్వాలి. సాయంత్రం మళ్లీ లేపి, రాత్రి పాలిచ్చి, పాట పాడి పడుకోబెట్టాలి."

నాకు నవ్వొచ్చింది. మార్చి తర్వాత అదే మొదటి నవ్వు. ఆవు కూడా తల తిప్పి చూసింది. నవ్వు ఆగేసరికి నా వెనక గున్వోర్ ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు. చేతిలో పాలు వడగట్టే గుడ్డ ఉంది.

"నాలుగు రోజులేగా. నేను చూసుకుంటాను" అంది.

రోలాండ్ మొహం ఎర్రబడింది. వాళ్లకి నియమం ఉంది. దీక్ష తీసుకోనివాళ్లు, మాంసం తిన్న చేతులు, ఆ విగ్రహాన్ని తాకకూడదు. ఆ సంగతి చెప్పడానికే నోరు తెరిచాడు. నేను చూస్తూనే ఉన్నాను, మాట నాలుక చివరి దాకా వచ్చింది. తర్వాత గున్వోర్ చేతుల వంక చూశాడు. ఆ గుడ్డని ఆమె ఎలా పట్టుకుందో చూశాడు.

"అమ్మ ముట్టుకుంటే తప్పేముంది" అన్నాడు.

అతని దేవుడు అతనికి వెయ్యి నియమాలు పెట్టాడు. ఉల్లిపాయ తినడు, టీ తాగడు, అబద్ధమాడడు, పెళ్లాం లేదు, పరుపు లేదు. అన్నీ తు.చ. తప్పకుండా పాటించాడు. ఒక్కటి, ఒక్కసారి, దయ తలచి తప్పాడు. ఆ ఒక్కటీ పాటించి ఉంటే ఇవాళ నేనీ కథ రాయక్కర్లేదు.

వెళ్లేముందు మరియాన్ గున్వోర్‌కి అన్నీ చూపించింది. చిన్నింట్లో మా అత్తగారి మంచం ఉండే మూల ఒక పీఠం, దాని మీద మూరెడు కూడా లేని ఇత్తడి బాలుడు. చేతులు రెండూ ఒక పక్కకి తిప్పి పిల్లనగ్రోవి పట్టుకున్నాడు. పెద్ద కళ్లు, బుగ్గల దగ్గర చేతి అరుగుదలకి మెరుపు.

"నీళ్లు మరీ వేడిగా ఉండకూడదమ్మా. ముందు మోచేత్తో..."

"నాకు తెలుసు" అంది గున్వోర్.

*

నాలుగు రోజులయ్యాక వాళ్లు తిరిగొచ్చారు. అయిదోరోజు తెల్లవారకముందే మా ఇంటి తలుపు చప్పుడైంది. ఎప్పటిలాగే గున్వోర్ చిన్నింటికి వెళ్లింది. మరియాన్ ఆమెని గుమ్మంలో చూసి ఏమీ అనకుండా పక్కకి జరిగిందట.

ఆమె మంచం దిగింది. అది నిజం. జుట్టు దువ్వుకుంది, వంటగది అటకలన్నీ దించి కడిగింది. డాక్టరు ఇచ్చిన మాత్రలు చెయ్యని పని నాలుగు రోజుల్లో ఆ ఇత్తడి చేసింది. నేను సంతోషించాలి. సంతోషించానేమో కూడా. గుర్తులేదు.

మా వంటింట్లో ఇక మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు. వండింది ముందు చిన్నింటికి వెళ్లి, అక్కడ గంట మోగాక మాకు వచ్చేది. నేను ఉప్పుచేప పాలగదిలో నిలబడి తినేవాణ్ణి. నా కుర్చీ, నా బల్ల, నా కంచం ఇంట్లో ఉండగా ఇనప బకెట్టు బోర్లించి దాని మీద చేప పెట్టుకునేవాణ్ణి. పిల్లి నా కంటే మర్యాదగా తినేది.

వండేటప్పుడు రుచి చూడకూడదన్నది ఇంకో నియమం. దేవుడికంటే ముందు నాలుక మీద పెట్టుకుంటే అది ఎంగిలి. ఒకరోజు బంగాళదుంపల కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఎవరికి తెలుస్తుంది? దేవుడు తిన్నాడు. తర్వాత రోలాండూ కుర్రాళ్లూ కళ్లలో నీళ్లు తిరుగుతున్నా తలలొంచుకుని తింటున్నారు.

"ఏమయ్యా, ఎలా ఉంది?" అంది గున్వోర్ నాతో.

"సముద్రంలా ఉంది."

ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మొహం పాలిపోయింది.

"పొద్దున్న ఆయనకి ఇదే పెట్టాను."

"ఆయన ఏమైనా అన్నాడా?"

"అనడు కదా" అంది గున్వోర్. "అన్నీ తినేస్తాడు. తూరె అయితే కంచం తోసేసేవాడు."

బల్ల దగ్గర అందరి చేతులూ ఆగిపోయాయి. మా ఇంట్లో వాడి పేరు పైకి వినబడటం అంత్యక్రియల తర్వాత అదే మొదలు. ఆమె మామూలుగా అంది, పక్కింటి పిల్లాడి సంగతి చెప్పినట్టు. తర్వాత లేచి వెళ్లి దేవుడికి మళ్లీ వండింది.

ఆగస్టులో మా ప్రార్థనామందిరం పాస్టరుగారు వచ్చారు. మంచివాడు, మోకాళ్ల నొప్పులవాడు. కాఫీ ఉందేమోనని చూశారు. మా ఇంట్లో కాఫీ కూడా పోయింది. గున్వోర్ వేడిపాలు ఇచ్చింది.

"బొమ్మకి స్నానం చేయిస్తున్నావని జనం అనుకుంటున్నారమ్మాయ్."

"నిజమే అనుకుంటున్నారు."

"ప్రాణం లేనిదానికి మొక్కడం..."

"మార్చిలో మీరు ఈ కుర్చీలోనే కూర్చున్నారు" అంది గున్వోర్. "దేవుడు తీసుకున్నాడన్నారు. మీ మాట నేను కాదన్లేదు. మీ దేవుడు పెద్దవాడు, ఆయనకి నాతో పన్లేదు. ఈయన ఎవర్నీ తీసుకోడు. ఈయనకే ఎవరో ఒకరు పెట్టాలి."

పాస్టరుగారు పాలు తాగేసి నా వంక చూశారు. మగాడివి, ఏదో ఒకటి అను అన్నట్టు చూశారు. నేను ఆయన్ని కారు దాకా సాగనంపి వచ్చాను.

*

సెప్టెంబరులో రోలాండ్ కొట్టంలోకి వచ్చి శుభవార్త అన్నాడు. దక్షిణాన స్కోనెలో ఒక ధనవంతురాలు వాళ్లకి పెద్ద ఇల్లు ఇస్తానందట, ఊరికే. గడువు అయిపోగానే వెళ్లిపోతాం, మీ మేలు మరిచిపోం అన్నాడు.

"మంచిది" అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టిందని గుర్తు.

గున్వోర్‌కి ఆ మాట మరియాన్ చెప్పింది. ఆమె కూడా మంచిదే అందట. మర్నాడు పొద్దున మాత్రం తిండి దగ్గరికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. దేవుడి పనులన్నీ వేళ తప్పకుండా చేసింది. అవి అయ్యాక వచ్చి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. మార్చి నెల ఇంట్లోకి తిరిగొచ్చి కూర్చున్నట్టనిపించింది.

మూడో రోజు లేచి వంటింట్లోకి వచ్చింది.

"ఇల్లు ఇచ్చేద్దాం" అంది.

"ఎవరికి?"

"ఆయనకి."

"రోలాండ్‌కా?"

"ఛ. ఆయనకి."

నేను రొట్టె కోస్తున్నాను. కోయడం ఆపలేదు.

"ఇల్లు ఒక్కటేనా?"

"ఇల్లుంటే ఆవులుంటాయి. ఆవులుంటే పొలముండాలి. ఆయనకి పాలు కావాలి కదా."

"మరి నేను?"

"నువ్వెక్కడికి పోతావు? ఇక్కడే ఉంటావు. ఇప్పుడు చేసే పనే చేస్తావు."

ఆమె నన్ను బాధపెట్టాలని అనలేదు. నిజం చెప్పింది. మళ్లీ పాలేరునవుతాను, దొర మాత్రం మూరెడు కూడా ఉండడు.

ఈ సంగతి హోల్గెర్‌కి ఎలా తెలిసిందో తెలిసింది. కంచె దాటి వచ్చాడు. ఈసారి ప్రభూ అనలేదు.

"సంతకం పెట్టకు బావా. కాగితంలో పొలం మా అక్కదే అయినా, మొగుడు సంతకం పెట్టనిదే కాపురముండే ఇల్లు చెయ్యి మారదు. నేను కనుక్కున్నాను. చట్టం నీ వైపుంది."

"నువ్వెవరి వైపున్నావు?"

"నీ వైపే బావా! మన రెండు పొలాలకీ మధ్య ఉన్నది ఒక్క కంచే కదా, ఎప్పుడైనా నువ్వు అమ్మదలిస్తే..."

"అదీ సంగతి."

"తప్పేముంది? నేను డబ్బిస్తాను. వాళ్లేమిస్తారు, ప్రసాదమా?"

హోల్గెర్ మాట్లాడిన ప్రతి మాటా నిజమే. నలభై రెండేళ్లవాణ్ణి, అందులో ఇరవై ఎనిమిదేళ్లు ఆ మట్టిలో రాళ్లు ఏరినవాణ్ణి. మా నేలలో ఏటా శీతాకాలం కొత్త రాళ్లు పైకి తోస్తుంది, ఏటా వసంతంలో ఏరాలి. ఆ గట్ల మీద పేర్చిన రాళ్లలో సగం నేను పేర్చినవే. సంతకం పెట్టనని నిశ్చయించుకున్నాను. వాళ్లు వెళ్లిపోతారు, ఆమె కొన్నాళ్లు పడుకుంటుంది, తర్వాత లేస్తుంది. లేవకపోతే, పొలమైనా ఉంటుంది.

గున్వోర్ రోలాండ్‌కి నేరుగా చెప్పేసిందట. అతను వద్దన్నాడు. ఆ సంగతి తర్వాత తెలిసింది. "ఎవెర్ట్ గారి కష్టమమ్మా, మాకొద్దు" అన్నాడట. ప్రయాణం మాత్రం ఒక వారం వాయిదా వేశాడు.

అక్టోబరు మొదట్లో గడ్డి మీద తెల్లటి మంచు పేరింది. చాకిరేవు గదిలోకి ఏదో పనిమీద వెళితే అక్కడ తాడు మీద నీలం ఊలు చిలపలు చిలపలుగా ఆరేసి ఉంది. తడిసిన ఊలు, కింద రాయి కట్టి వేలాడదీశారు. అల్లినదాన్ని విప్పితే ఊలు గిరజాలు తిరిగి ఉంటుంది. కడిగి, బరువు కట్టి ఆరేస్తే సాపవుతుంది. మా అత్తగారు కూడా అలాగే చేసేది. ఏ పాతదో విప్పిందిలే అనుకుని గొడ్డలి తీసుకుని బయటికొచ్చాను.

రెండు రోజులయ్యాక, మధ్యాహ్నం, నా నిర్ణయం చెప్పేద్దామని చిన్నింటికి వెళ్లాను. రోలాండ్ లేడు, కట్టెలు కొడుతున్నాడు. గున్వోర్ ఒక్కతే కిటికీ దగ్గర కూర్చుని అల్లుతోంది. దేవుడు కునుకు తీసే వేళ. పీఠం ముందు తెర వేసి ఉంది. అందుకని గొంతు తగ్గించి మాట్లాడింది.

"చలి మొదలైంది. ఈ గదికి గాలి దూరుతుంది. మరియాన్ దగ్గరున్నవన్నీ పట్టుబట్టలే."

ఆమె ఒళ్లో నీలం ఊలు. పక్కన చిన్న ఉండ, ఎర్రది. అప్పుడు తెలిసింది. తూరె స్వెట్టరుకి మెడ చుట్టూ ఎర్రటి పట్టీ ఉండేది. మంచులో ఎంత దూరానున్నా కనబడాలని కావాలనే గున్వోర్ ఆ రంగు వేసింది. ఆ రోజు వాడు అది వేసుకోలేదు. తల పట్టడం లేదని పొద్దున్నే పెద్ద గొడవ చేసి, పీకి కుర్చీ మీద పడేసి, కోటు మాత్రం తొడుక్కుని పరిగెత్తాడు. అది ఆ కుర్చీ మీదే ఎన్ని వారాలుందో. తర్వాత ఎవరు తీశారో నేను అడగలేదు.

గుమ్మంలో నిలబడి ఉన్నాను. చెప్పాల్సిన మాట నోట్లో ఉంది. సూదులు టిక్కు టిక్కుమంటున్నాయి. ఎర్రపట్టీ మొదలుపెట్టింది. అరచేతి వెడల్పు కూడా లేని మెడ.

"మెడ బిగుతవుతుంది. తల పట్టదు" అన్నాను.

ఆమె తలెత్తలేదు.

"తెలుసు. బొత్తాలు పెడుతున్నాను."

పొయ్యిలో నిప్పు తగ్గింది. రెండు కట్టెలు వేసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, బయటికొచ్చాను. రోలాండ్ గొడ్డలి పక్కన పెట్టి నిలబడ్డాడు.

"ఆ కట్టెలు పచ్చివి. పొగొస్తాయి" అన్నాను. "షెడ్డులో ఎడమ పక్కవి నిరుడువి. అవి వాడండి."

"మేం వచ్చే వారం వెళ్లిపోతున్నాం కదా ఎవెర్ట్ గారూ."

"ఎడమ పక్కవి" అన్నాను.

*

నవంబరులో పట్నంలో, వకీలు గదిలో, సంతకాలయ్యాయి. గున్వోర్ పెట్టింది, తర్వాత నేను పెట్టాను. సాక్షిగా రమ్మంటే హోల్గెర్ రానన్నాడు. కింద కొట్లో మనిషి వచ్చి పెట్టాడు. రోలాండ్ కాషాయం మీద వాళ్ల నాన్న కోటు వేసుకొచ్చాడు.

మెట్లు దిగుతుండగా అన్నాడు. "నేను అడగలేదు ఎవెర్ట్ గారూ. వద్దన్నాను కూడా."

"తెలుసు."

"మరి నా మీద కోపమా?"

అడిగి ఉంటే కాదనేవాణ్ణి. అతను ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఆ మొదటిరోజు కొంచెం పాలు తప్ప. కాదనడానికి నాకొక్క అవకాశం ఇవ్వలేదు. ఇది అతనికెలా చెప్పాలో తెలియక, "వ్యాను నువ్వు నడుపు, నాకు చూపు ఆనడం లేదు" అన్నాను.

క్రిస్మస్ దాకా అక్కడే ఉన్నాను. పొమ్మన్నవాళ్లు లేరు. గున్వోర్ నా కంచం రోజూ పెట్టేది. సాయంత్రం ఏడింటికి చిన్నింట్లో పడుకోబెట్టే గంట మోగేది, తర్వాత ఆమె పాట వినబడేది. వాళ్ల భాషలోదే, అయినా వరస మాత్రం మా వైపుదే. ఆ వేళకి కొట్టంలో పని కల్పించుకునేవాణ్ణి. ఆవులన్నీ పడుకున్నాక ఇంకేం పని ఉంటుంది? ఒకరోజు పెట్టె సర్దుకుంటుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"బూట్లు మరిచిపోయావు" అంది.

తీసుకున్నాను.

ఇప్పుడు డెయిరీ వాళ్ల పాలబండి నడుపుతాను. రంపపు మిల్లు మీద గదిలో ఉంటాను. కాఫీ ఉంది, ఉప్పుచేప బల్ల మీదే తింటాను. ఆ రోడ్డున పోతూ చూస్తుంటాను. బంగళా అంత గుడి కట్టారు, ఏ దేశాల నుంచో జనం వస్తారు. నలభై మంది ఆమెని అమ్మా అంటారట. నన్ను ప్రభూ అనేవాళ్లు ఊళ్లో ఎవరూ మిగల్లేదు, హోల్గెర్ కూడా పోయాడు. చలికాలం ఎండ కాసిన రోజు తాడు మీద కాషాయం బట్టల మధ్య నీలంది ఒకటి ఆరేసి ఉంటుంది, రోడ్డు మీద నుంచి చూస్తే పిట్ట వాలినట్టుంటుంది. ఎర్రపట్టీ దూరానికి కూడా కనబడుతుంది.

ఇల్లు, చిన్నిల్లు, కొట్టం, పద్దెనిమిది ఆవులు. సాగునేల పధ్నాలుగు హెక్టార్లు, అడవి తొమ్మిదిన్నర, సరస్సు ఒడ్డున రెల్లు ముప్పావు. మొత్తం ఇరవై నాలుగుంబావు హెక్టార్లు.